ఆదిలక్ష్మమ్మ రింగాట

ఆళ్లగడ్డ,
12-8-1956

గంగాభాగీరథీ సమానురాలైన ఆదిలక్ష్మమ్మకు మద్దిలేటిరెడ్డి తన చేత్తో తాను రాసినది. ఇక్కడ అబ్బి, కోడలు లీలావతి, గొడ్డూ గోదా అందరం బాగున్నాం. అక్కడ నీ చెల్లెలు సరోజమ్మ, వాళ్ళాయన బాగున్నారని తలుస్తాను.

నువ్వు బస్సెక్కి వారం దాటింది. చేరినావో లేదో ఒక్క ముక్క లేదు. నేను రాసేవాణ్ణి కానని నీకు తెలుసు. వీధిబడిలో ఇసుక మీద దిద్దిన అక్షరాలు నావి, పలక ముఖం కూడా ఎరగవు. అయినా ఇది కొడుకుతో రాయించే సంగతి కాదని నేనే కార్డు ముందర వేసుకొని కూర్చున్నా.

ఆ డాక్టరమ్మ ఏమన్నది? రాత్రిళ్ళు ముఖం మీద నిప్పులు పోసినట్టు ఆవిరి లేవడం, చెమటకు కోక తడిసిపోవడం, గుండె దడ, నిద్ర లేక పడసాలలో ఆ మూల నుంచి ఈ మూలకు తిరగడం, అన్నీ విప్పి చెప్పినావా, సిగ్గుపడి మింగినావా? ఆచారి ఇచ్చిన కషాయం సీసా గూట్లోనే ఉంది. మరిచినావా, మరిచినట్టు చేసినావా?

నాకు ఒకటే అంతుబట్టదు. లీలావతి కాపురానికి వచ్చిన నాటి నుంచి నీతో రోకలి పట్టించలేదు, బిందె ఎత్తించలేదు. బజారంతా "మద్దిలేటిరెడ్డి పెండ్లాన్ని మారాణి లెక్క వాకిట్లో కట్ట మీద కూర్చోబెట్టినాడప్పా" అంటాండారు. కూర్చున్న మనిషికి ఈ జబ్బేంది? రాళ్ళు మోసే ఆడోళ్ళు బాగానే ఉండారు కదా?

పడసాలలో నీ మంచానికి నులక బిగించి పెట్టినా. మందు తీసుకొని బేగా రా.

మద్దిలేటిరెడ్డి


నంద్యాల,
18-8-1956

మా ఇంటాయనకు ఆదిలక్ష్మి దండాలు.

మీ కార్డు అందింది. నాకంటే ముందు ఈ వీధిలో అందరికీ అందింది. ఇక్కడి టపా ఆయన గడపలో నిలబడి, "రెడ్డిగారు కోక తడుస్తాదని రాసినారమ్మా, ఏం జబ్బు?" అని అడిగినాడు. ఇలాంటివి కార్డు మీద రాస్తారా? ఇక మీద కవరులో పెట్టి అంటించి పంపండి.

ఇంకొకటి. "గంగాభాగీరథీ సమానురాలు" అని మొగుడు పోయినవాళ్ళకు రాస్తారు. సరోజ ఆ మొదటి మాట చూసి గుండె బాదుకుంది. తర్వాత కింద మీ సంతకం చూసి, "బావ చచ్చిపోయి తానే రాసినాడే అక్కా" అని పడి పడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బొట్టు పెట్టుకున్నదాన్ని పట్టుకొని బతికుండగానే ముండను చేసినారు.

డాక్టరమ్మ మంచిది. ముట్టు నిలిచి ఎన్నేండ్లయిందని అడిగింది. మూడేండ్లన్నాను. ఇంట్లో ఏం పని చేస్తావు అంది. "ఏమీ చేయను, మా ఆయన చేయనియ్యడు" అని గొప్పగా చెప్పినాను. ఆమె కండ్లద్దాలు తీసి నా వైపు చూసి, "యాభై యేండ్లకే కట్ట మీద కూర్చుంటే, ఎనభైకి ఏం చేస్తావమ్మా?" అంది. ఇది జబ్బు కాదంట. ఒళ్ళు ఒక కాలం నుంచి ఇంకో కాలానికి తిరిగే తిరుగుడంట. కొందరికి తేలికగా పోతుంది, కొందరిని పీడిస్తుంది అంది. కషాయం ఆపి, ఒళ్ళు వంచి బాగా నడవమంది.

అందుకని తెల్లవారగానే సరోజ నన్ను కె.సి. కాలువ గట్టు మీద తోలుకొని పోతాంది. పిక్కలు రాళ్ళయినాయి. ఎవరైనా మనవాళ్ళు చూస్తే ఏమనుకుంటారో అని ముసుగేసుకొని నడుస్తున్నాను.

పడసాలలో మంచానికి నులక బిగించినానని రాసినారు. మంచిది.

ఆదిలక్ష్మి


ఆళ్లగడ్డ,
27-8-1956

నా పెండ్లాము, పసుపు కుంకుమలతో ఉండవలసిన ఆదిలక్ష్మమ్మకు మద్దిలేటిరెడ్డి కవరులో పెట్టి రాసేది.

ఆ మాట మా నాయన మా అవ్వకు రాసిన జాబుల్లో ఉండేది. గంగ అన్నాడు, భాగీరథి అన్నాడు, పెద్ద మాటే కదా అని రాసినా. మా అవ్వ ముండమోసిందని ఆ పొద్దు నాకెవరు చెప్పినారు? నేను ఇప్పట్లో చచ్చేవాణ్ణి కాను. నిన్న కూడా కాడిమాను ఒంటి చేత్తో ఎత్తి బండికి పెట్టినా. నీ చెల్లెలికి చెప్పు, నవ్వితే నవ్వమను.

ఆ డాక్టరమ్మకు మన ఇంటి మర్యాద ఏం తెలుసు? కోడలుండగా అత్త పని చేస్తే ఊరు కోడల్ని తిడతాది, నన్ను పిసినారి అంటాది. నడిచేదానికి నంద్యాల దాకా పోవాలా? పొద్దస్తమానం నడిచేది కూలికి పోయే ఆడది. నువ్వు మద్దిలేటిరెడ్డి పెండ్లానివి. ముసుగు మాత్రం తీయొద్దు.

నులక బిగించినా అంటే "మంచిది" అని ఒక్క మాట పడేసినావు. రెండు పూటలు కూర్చొని బిగించినా. వేళ్ళు బొబ్బలు లేచినాయి.

ఇక్కడ వాన ఒక దుక్కికి సరిపోయేంత పడింది. జొన్న విత్తాలి. ఎడమ ఎద్దు మేత ముట్టడం లేదు, అదీ నీ లెక్కనే అలిగినట్టుంది.

మద్దిలేటిరెడ్డి


నంద్యాల,
22-9-1956

మా ఇంటాయనకు ఆదిలక్ష్మి దండాలు. ఎద్దుకు జొన్నసంగటిలో బెల్లం పెట్టి చూడండి.

మీకొక సంగతి చెప్పాలి. కోప్పడకండి. సరోజ పనిచేసే ఆడపిల్లల బడిలో లూదియా అని డ్రిల్లు నేర్పే పంతులమ్మ ఉంది. నా ఈడుదే, నాలాగే ముట్టు నిలిచినది. సాయంత్రం పిల్లలు పోయినాక పంతులమ్మలంతా బడి బయల్లో రింగాట ఆడతారు. రెండు గుంజలకు నడుమ వల కట్టి, అరచేతి కంటే పెద్దదైన రబ్బరు చక్రం ఆ వల మీదుగా విసురుకుంటారు. కింద పడనియ్యకుండా పట్టి, పట్టినచోట నుంచే తిప్పి విసరాలి. అంతే ఆట.

నేను గోడ పక్కన కూర్చొని చూసేదాన్ని. ఒకరోజు వాళ్ళకు ఒక మనిషి తక్కువైంది. లూదియా వచ్చి, "అక్కా, ఆ గోడ నువ్వు మోయకపోతే పడిపోదులే, రా" అని చెయ్యి పట్టి లాగింది. మొదటి చక్రం ముక్కు మీద పడింది. రెండోది పట్టబోయి నేనే పడినాను. మట్టిలో కూర్చొని నవ్వినాను చూడండి, అట్లా నవ్వి ఎన్నాళ్ళయిందో. సరోజ భయపడి నీళ్ళు తెచ్చింది.

ఇప్పుడు రోజూ ఆడుతున్నాను. కొంగు బిగించి, కుచ్చెళ్ళు వెనక్కి దోపుకుంటే పరుగుకు అడ్డం రాదు. మొదటి వారం ఒళ్ళంతా పుండు. ఆ తర్వాత నడుము నొప్పి ఎటుపోయిందో తెలియలేదు. రాత్రి ఆవిర్లు పలచబడినాయి. మూడేండ్ల తర్వాత తెల్లవారేదాకా నిద్ర పట్టిన రోజున, నాకేదో అయిందని సరోజ వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

ఇంకొకటి రాయాలి. ఎలా రాయాలో తెలియడం లేదు. ఇప్పుడు రాత్రి మెలకువ వచ్చినా అది ఆవిరికి కాదు. మీరు గుర్తుకొస్తారు. గుర్తుకొస్తే మళ్ళీ నిద్ర పట్టదు.

ఆదిలక్ష్మి


ఆళ్లగడ్డ,
6-10-1956

ఆదిలక్ష్మమ్మకు మద్దిలేటిరెడ్డి కోపంతో రాసేది.

ముందు దీంతో పాటు పంపిన పొట్లం విప్పు. అందులో తాయెత్తు ఉంది. అహోబిలంలో పూజ చేయించి తెప్పించినా. ఎడమ దండకు కట్టుకో. రాత్రిపూట నా రూపంలో వచ్చి నిన్ను నిద్ర పోనియ్యనిది నేను కాదు. నేను ఇక్కడ నా మంచంలో ఉండా. అది ఏదో గాలి. కాలువ గట్టున ఆ వేళప్పుడు తిరిగితే గాలి పట్టక ఏమవుతాది?

ఇక రెండో సంగతి. మన బజారు పుల్లయ్య ఎద్దుల బేరానికి నంద్యాల వచ్చినాడు. తిరిగొచ్చి టీ అంగడిలో పదిమంది ముందర ఏమన్నాడో తెలుసునా? "రెడ్డీ, అమ్మకు బాగైందిలే. బడి బయల్లో గోచి పెట్టి ఎగురుతాండాది. ఒక చక్రం పట్టి ఇసిరింది సూడు, అవతలామె దాని కింద నుంచి పారిపోయె. నేను ఆడనే దూరం నుంచి దండం పెట్టి వచ్చేసినా" అన్నాడు. టీ అంగడోడు గ్లాసు కడిగేది ఆపి నా ముఖం చూసినాడు.

మా నాయన చనిపోయినప్పుడు కూడా ఈ బజారులో నేను తల వంచలేదు. ఆ పొద్దు వంచినా. మందు తీసుకొని రమ్మని పంపితే మగరాయుడి లెక్క ఎగురుతావా? అందిన బస్సుకు బయలుదేరు. బస్సు దగ్గరికి గూడుబండి పంపుతా, తెర కట్టించి.

మద్దిలేటిరెడ్డి


నంద్యాల,
13-10-1956

మా ఇంటాయనకు ఆదిలక్ష్మి రాసేది.

రాను.

తాయెత్తు సరోజ వాళ్ళ దూడకు కట్టినాను. నన్ను పట్టింది గాలి కాదు. మీకు విప్పి చెప్పక తప్పేటట్టు లేదు కాబట్టి ఇక్కడి నుంచి మీరు అని కాక నువ్వు అనే రాస్తాను, ఇరవై యేండ్ల కిందట చీకట్లో పిలిచినట్టు.

నీ మీద ఆశ పుట్టింది. ఇప్పుడు అర్థమైందా? మూడేండ్ల నుంచి అది నాలో చచ్చిపోయిందనుకున్నాను. ఒంట్లో మంటలు, నిద్ర లేని కండ్లు, ఎవరు ముట్టుకున్నా చీదర. ఆడదాని బతుకు అంతటితో సరి అని పెద్దవాళ్ళు అనేది నిజమే అనుకున్నాను. ఇప్పుడు పరుగెత్తుతాండా, చెమట పడుతాండాది, ఆకలి వేసి తింటాండా, తిన్నాక నిద్ర పోతాండా. నా కాళ్ళు నా చేతులు మళ్ళీ నావి అయినాయి. వాటితో పాటు అదీ తిరిగొచ్చింది. నేను పిలవలేదు. సిగ్గు లేదా అంటావు. ఉంది. ఉన్నా రాస్తున్నాను.

నువ్వు నన్ను మారాణి చేసినానని ఊరికి చెప్పుకుంటున్నావు. కట్ట మీద కూర్చున్నది నేను. పొద్దు ఎక్కడ నుంచి ఎక్కడికి పోతుందో చూస్తూ కూర్చున్నాను. లీలావతి పాపం ఒక్కతే దంచుతుంటే, లేచి రెండో రోకలి పట్టుకునే దారి లేక చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

అన్నిటికంటే మించి ఇంకొకటి. నా ముట్టు నిలిచింది, కోడలు గడపలో కాలు పెట్టింది. ఆ నెలలోనే నా మంచం మన గదిలో నుంచి పడసాలలోకి ఎవరు మోసినారు? నేను అడగలేదు. నువ్వే తల మీద పెట్టుకొని మోసి, "ఇంక ఇక్కడ గాలి బాగుంటాది" అన్నావు. ఎండిపోయిన చెట్టు దొడ్లో ఎందుకని తీసి బయట వేసినట్టు ఉండింది నాకు. ఇప్పుడు దానికే నులక బిగించినానని రాస్తావు.

అదే మంచానికైతే రాను. ఇక్కడ సరోజ ఇంట్లో చాప ఉంది, చాలు.

ఆదిలక్ష్మి


ఆళ్లగడ్డ,
29-10-1956

ఆదీ,

జాబు వచ్చి పదైదు దినాలైంది. జేబులో పెట్టుకొని చేనికి పోతాండా, గట్టు మీద కూర్చొని కూడబలుక్కొని చదువుతాండా, మళ్ళీ జేబులో పెడతాండా. చొక్కా ఉతకనియ్యలేదని లీలావతి కోపం.

రాజధాని మన కర్నూలు నుంచి హైదరాబాదుకు పోతాందంట. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి అంతా ఒకటే రాష్ట్రమంట. టీ అంగడిలో అదే మాట. "ఏమి రెడ్డీ, రాజధాని పోతా ఉంటే పలకవు?" అన్నారు. పోతే పోనీ అన్నా. నా ఇంట్లో నుంచి పోయింది తిరిగి రావడం లేదు, నాకు కర్నూలుతో ఏం పని?

నువ్వు అడిగినదానికి జవాబు రాస్తా. మంచం మోసింది నేనే. కోడలొచ్చిన ఇంట్లో అత్త మొగుని గదిలో పండుకోరాదని మా అమ్మ చెప్పింది, వాళ్ళమ్మ ఆమెకు చెప్పింది. నేను మోయకపోతే నీ అంతట నువ్వు మోసుకొని పోతావనుకున్నా. నువ్వు మోసుకొని పోతే నేను చూడలేను. అందుకని ముందుగానే మోసినా. నువ్వు పలకలేదు. పలకలేదంటే అదే కావాలనుకున్నావేమో అనుకున్నా. ఆవిర్లు మొదలైనాక పక్కన మనిషిని ఓర్చుకోలేకపోతివి గదా, నా పీడ పోయిందని సంతోషమేమో అనుకున్నా. మూడేండ్లు తలుపు ఇవతల నేను, అవతల నువ్వు. నీ గాజుల చప్పుడు వినేవాణ్ణి. నువ్వు తిరిగినంతసేపు నేనూ మేలుకొని ఉండా. రెడ్డి తలుపు తీసి అడుక్కోడు. అంతే సంగతి.

ఎండిన చెట్టు అన్నావు. ఎవరా అన్నది? నేను అన్లేదు. అన్నోడు ఎవడైనా ఉంటే పేరు రాయి.

ఇప్పుడు నాకు అరవై రెండు. నీ జాబు చదివినాక గడ్డం గీయించుకున్నా. మంగలి, "యాడికి రెడ్డీ?" అన్నాడు. యాడికీ లేదన్నా.

ఒక ఆలోచన చేసినా. తోటలో బావి దగ్గర కొట్టం వేయిస్తా. పగలు కూలోళ్ళు పోయినాక ఎవురూ రారు. కాపలాకని నేను పోతా, అన్నం తెచ్చినట్టు నువ్వు రా. ఇంట్లో మర్యాదా ఉంటాది, మనమూ ఉంటాం. ఏమంటావు?

మద్దిలేటి


నంద్యాల,
10-11-1956

నా ఇంటాయనకు ఆదిలక్ష్మి రాసేది.

నీ జాబు ఎన్నిసార్లు చదివినానో చెప్పను. తలుపు అవతల నువ్వు మేలుకొని ఉన్నావని నాకు తెలిసి ఉంటే, ఆ తలుపు నేనే తన్ని ఉందును. ఇద్దరం మొండివాళ్ళం, మధ్యలో ఒక చెక్క.

కొట్టం వద్దు. పెండ్లి చేసుకున్న మొగుని దగ్గరికి అన్నం గంప నెత్తిన పెట్టుకొని దొంగదాని లెక్క రాను. మన ఇల్లు, మన గది, మన తలుపు. అందులోకైతే వస్తాను. కోడలికి సిగ్గని నువ్వు అనుకుంటున్నావు. ఆ పిల్లను ఒక్కమాటైనా అడిగినావా?

ఇంకో షరతు. నేను మళ్ళీ కట్ట మీద కూర్చోను. దంచుతాను, చేనికి నడిచి పోతాను. సాయంత్రమైతే నాకు కళ్లంలో వల కట్టి పెట్టాలి. మన బజారు ఆడవాళ్ళకు రింగాట నేర్పుతాను. నా ఈడువాళ్ళు ఎంతమంది నాలాగే రాత్రిళ్ళు ఆవిర్లతో తిరుగుతున్నారో, ఎవరి మంచం ఎక్కడ ఉందో, ఎవరు చెప్పుకుంటారు?

నిన్నటి సంగతి విను. కోయిలకుంట్ల మహిళా సమాజం వాళ్ళు పోటీకి వచ్చినారు. అంతా పడుచువాళ్ళు. నన్ను చూసి ఒకామె, "అవ్వ కూడా ఆడుతుందా, పక్కన కూర్చుంటుందా?" అంది. లూదియా నవ్వి, "అవ్వ చేతిలోకి మాత్రం విసరొద్దమ్మా" అంది. వాళ్ళు నా వైపే విసిరినారు. నేను వదిలితే కదా! ఆఖరు ఆటలో ఇద్దరి లెక్కలూ సమానమై, అందరూ ఊపిరి బిగబట్టినారు. అప్పుడే, సరిగ్గా అప్పుడే, ఛాతీలో నుంచి ఆవిరి లేచింది. అది పూర్తిగా పోలేదులే. వారానికి ఒకసారైనా పలకరించి పోతుంది. ఒకప్పుడైతే కూలబడి ఏడ్చేదాన్ని. నిన్న చెమటలో చెమట కలిసిపోయింది. ఎవరికీ తెలియలేదు. వాళ్ళు ఎత్తుగా విసిరిన చక్రం వెనక్కి పోయి ఎగిరి పట్టి, వల అంచుకు తగలకుండా వాళ్ళ కాళ్ళ దగ్గర పడేసినాను.

గెలిచినాము. లూదియా నన్ను నడుము పట్టి ఎత్తి తిప్పింది. బడి బయలంతా తిరిగింది. ఆ పడుచుది వచ్చి, "ఏం తింటావు అత్తా?" అని అడిగింది. "జొన్నరొట్టె, మొగుని మీద కోపం" అన్నాను.

షరతులు ఒప్పుకుంటే రాయి. ఒప్పుకోకుంటే రాయకు.

ఆదిలక్ష్మి


ఆళ్లగడ్డ,
14-12-1956

నా ఆదిలక్ష్మికి మద్దిలేటి రాసేది.

ఆలస్యమైంది. ఎందుకైందో చదివితే తెలుస్తాది. పొడుగు జాబు, నిదానంగా చదువు.

నువ్వన్నట్టే లీలావతిని అడిగినా. ఆ పిల్ల పొయ్యి దగ్గర ఉంది. ఎట్ల అడగాలో తెలియక నేను ఎద్దును అడిగినట్టు అడిగేసినా. "అమ్మా, మీ అత్త మంచం నా గదిలో వేస్తే నీకు తలవంపులా?" అన్నా. కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తాందనుకున్నా. చూస్తే నవ్వు. నవ్వంతా అయినాక కండ్లు తుడుచుకొని, "నాకేం తలవంపులు మామా? మీరు ఎడంగా పండుకుంటాంటేనే నాకు తలవంపులు. నేను అడుగు పెట్టి అత్తామామల్ని విడదీసినానని మా అమ్మగారి ఊర్లో కూడా అంటాండారు" అనింది.

విన్నావా? మూడేండ్లు ఎవరి మర్యాద కాపాడుతాండామనుకున్నామో, ఆ పిల్ల నెత్తిన రాయి పెట్టినాము. "ఇంకేమన్నా ఉందామ్మా?" అన్నా. "దంచేదానికి ఇంకో చెయ్యి ఉంటే బాగుంటాది మామా" అనింది.

ఆ పొద్దే వడ్ల వెంకటేశ్వర్లు దగ్గరికి పోయినా. నీ పాత నులక మంచం నాకు వద్దు, నీకూ వద్దు. నల్లమల టేకు దూలం దొడ్లో పడి ఉంది కదా, అబ్బి ఇంటి వాకిలికి అని పెట్టినది. దాంతో జోడు మంచం చేయమన్నా. వెంకటేశ్వర్లు కొలతపుల్ల చేత్తో పట్టుకొని, "అబ్బికా రెడ్డీ?" అన్నాడు. "నాకురా" అన్నా. పుల్ల కింద పడింది. ఏరుకొని, "ఇద్దరికా?" అన్నాడు. "ఒక్కడు పండుకొనేదానికి జోడు మంచం చేస్తారా?" అన్నా. రంపం తీసుకొని కోసినాడు.

నిన్నటి దినం తయారైంది. రాత్రి పూట తెద్దామని అబ్బి అన్నాడు. "దొంగ సొమ్మా రాత్రి తెచ్చేదానికి?" అన్నా. మధ్యాహ్నం, ఎండ నడినెత్తిన ఉండగా, బండికి ఎత్తించి నేను పక్కన నడుస్తా వచ్చినా. బస్సులు నిలిచే చోటి మీదుగానే వచ్చినా. శిల్పాలు చెక్కే చోట ఉలుల చప్పుడు ఒక్కసారి ఆగింది. అందరూ లేచి చూసినారు. పుల్లయ్య ఎదురొచ్చినాడు. "ఎవరికి రెడ్డీ ఇంత మంచం?" అన్నాడు. నేను బండి ఆపించినా. ఆపించి, టీ అంగడి దాకా వినపడేటట్టు, "నాకూ నా పెండ్లానికి. నంద్యాలలో నువ్వు దూరం నుంచి దండం పెట్టినావే, ఆమెకు. కోయిలకుంట్ల పడుచుల్ని ఓడించిన ఆమెకు" అన్నా.

మా చిన్నాయన కొడుకు నరసింహులు అరుగు మీద నుంచి లేచినాడు. "ఏమిరా మద్దిలేటీ, మనవణ్ణి ఎత్తుకునే ఈడులో ఇదేం పని? కోడలి ముందర తలెట్ల ఎత్తుకుంటావురా?" అన్నాడు.

"కోడలు బూరుగు దూదితో తలగడలు కుడతాండాదిన్నా. నీకు కావాలంటే నీకూ ఒక జత కుట్టమంటా" అన్నా.

ముందు నవ్వింది ఎవరో తెలుసా? మా వదిన, నరసింహులు పెండ్లాం. తలుపు చాటు నుంచి, ఇంత పెద్దగా. ఆ తర్వాత బజారంతా. నరసింహులు లోపలికి పోయినాడు. సాయంత్రం మా వదిన మన ఇంటికి వచ్చి, మంచం చుట్టూ తిరిగి చూసి, లీలావతిని పక్కకు పిలిచి, ఆ రింగాటకు వయసు పరిమితి ఏమన్నా ఉందా అని అడిగిందంట.

తల ఎత్తుకునే నడిచినానే ఆదీ. మా నాయన కట్టించిన ఈ ఇంటికి మొదటిసారి మొగోని లెక్క వచ్చినట్టు ఉండింది.

మంచం గది వాకిలిలో పట్టలేదు. గుంజలు విప్పి లోపల మళ్ళీ బిగించినాము. ఇక అది బయటికి రాదు. తీయాలంటే గోడ పగలగొట్టాలి.

కళ్లం అలికించినా. గుంజలు పాతించినా. వల బెస్తోళ్ళు అల్లుతాండారు. ఎంత ఎత్తున కట్టాలో నాకు తెలియదు, చేపలకు కట్టేదంత పొడుగు అల్లమన్నా. మాఘంలో జొన్నలు వచ్చేదాకా కళ్లం నీది. కట్ట మీద గుమ్మడికాయలు పెట్టించినా, అవి కూర్చుంటాయి.

షరతులన్నీ ఒప్పుకున్నా. ఇంకా ఏమన్నా ఉంటే మనిషివే వచ్చి చెప్పు.

నీ మద్దిలేటి


నంద్యాల,
17-12-1956

ఒరే మద్దిలేటీ,

ఇట్లా పిలవాలని పెండ్లయినప్పటి నుంచి ఉండింది. ఒక్కసారి పిలిచినాను, సరిపోయింది. కోప్పడకు.

నీ జాబు సరోజకు చదివి వినిపించినాను. అంతా కాదు, మంచం బండి దాకా. లూదియా వాటేసుకొని రెండు రబ్బరు చక్రాలు ఇచ్చింది, ఒకటి నాకు, ఒకటి మీ వదినకు. వల నా ముక్కుకు సరిగ్గా ఉండాలి, అంతకంటే దించొద్దు. మాఘంలో జొన్నలు కళ్లానికి వస్తే నాకు ఇంకో చోటు కావాలి. ఇప్పటి నుంచే చూసి పెట్టు.

మంచం తల ఏ వైపు వేసినారో రాయలేదు. ఉత్తరానికి తల పెట్టొద్దు. కిటికీ పక్క నాది. ఆవిరి వచ్చినప్పుడు గాలి కావాలి. దుప్పటి నువ్వు ఒక్కడివే లాక్కుంటే మాత్రం నేను ఊరుకోను, ఇప్పుడు నా చేతుల్లో బలం ఉంది.

గురువారం సాయంత్రం బస్సుకు వస్తున్నాను. లీలావతికి చెప్పు, శుక్రవారం పొద్దున కాఫీ అని తలుపు కొట్టొద్దని. మేము లేచినప్పుడు లేస్తాం.

ఆదిలక్ష్మి